ఉన్నచోట ఉండటం: ఫోన్ తగ్గించుకోవడానికి నేను పాటించిన పద్ధతి

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు అమ్మ వంటింటి గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. నేను పక్కనే పీట మీద ఉన్నాను. తను ఏదో చెబుతోంది, నేను ఊఁ కొడుతున్నాను. చేతిలో ఫోన్ ఉంది. కాసేపటికి అమ్మ మాట ఆగిపోయింది. తలెత్తి "ఆఁ, తర్వాత?" అన్నాను. "ఏం లేదులేవే, నీ పని చూసుకో" అంది.

నాకు పనేమీ లేదు. ముక్కూ మొహం తెలియని ఎవరో ఇల్లు సర్దుకుంటుంటే ఆ వీడియో చూస్తున్నాను. రెండు నెలల తర్వాత అక్క మాటల్లో తెలిసింది, ఆ రోజు అమ్మ చెప్పింది తన పుట్టింటి బావిని పూడ్చేశారన్న సంగతి అని. చిన్నప్పుడు వేసవి సెలవులకి వెళ్తే మేమంతా ఆ బావి దగ్గరే స్నానాలు చేసేవాళ్లం. ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. అమ్మ ఎంత బాధతో చెప్పి ఉంటుందో కదా అని.

కింద రాస్తున్నవన్నీ ఆ తర్వాతి నెలల్లో నేను చేసి చూసినవి, మా ఇంట్లో నిలబడినవి. ఫోన్ మానేయమని చెప్పను. బ్యాంకు ఓటీపీ, యూపీఐ, గ్యాస్ బుకింగ్, పిల్లల స్కూల్ గ్రూప్, దూరాన ఉన్న వాళ్లతో వీడియో కాల్, అన్నీ అందులోనే ఉన్నాయి. నాకు అర్థమైంది ఒకటే. ఫోన్ మనల్ని ఒకేసారి నాలుగు గంటలు ఇమ్మని అడగదు. పాలు పొంగేలోపు రెండు నిమిషాలు, లిఫ్ట్ వచ్చేలోపు అర నిమిషం, ఇలా సందు దొరికిన చోటల్లా దూరుతుంది. ఆ సందుల్ని తిరిగి మన చేతిలోకి తెచ్చుకోవడమే ఈ పద్ధతి. నెల రోజులు పడుతుంది అనుకుని మొదలుపెట్టండి.

మొదటి అడుగు: మూడు రోజులు ఏమీ మార్చకండి, గమనించండి

ఆండ్రాయిడ్ ఫోన్ అయితే సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్, ఐఫోన్ అయితే స్క్రీన్ టైమ్ తెరవండి. రెండూ 2018 నుంచి ఉన్నాయి. అందులో మొత్తం గంటలు చూసి కంగారు పడకండి. దానికంటే పనికొచ్చే అంకె ఇంకొకటి ఉంది: రోజుకి ఎన్నిసార్లు ఫోన్ తెరిచారు అన్నది. ఐఫోన్‌లో అయితే ఫోన్ చేతిలోకి తీసుకోగానే మొదట ఏ యాప్ తెరిచారో కూడా చూపిస్తుంది.

అంకె ఒక్కటే చాలదు. ఒక చిన్న నోట్‌బుక్ దగ్గర పెట్టుకోండి. ఫోన్ తీసిన ప్రతిసారీ కుదరకపోయినా, గుర్తొచ్చినప్పుడల్లా మూడు ముక్కలు రాయండి: ఎక్కడ ఉన్నాను, ఎందుకు తీశాను, చివరికి ఏం చూశాను. నా నోట్‌బుక్‌లో ఒక రోజు ఇలా ఉంది:

6:40. స్టవ్ దగ్గర. టైమ్ చూద్దామని. రీల్స్, పావుగంట. పాలు పొంగాయి.
9:15. బస్సులో. ఆఫీస్ మెసేజ్. చూసి లోపల పెట్టేశాను.
2:30. భోజనం అయ్యాక. బ్యాంకు బ్యాలెన్స్ చూద్దామని. ఏవేవో చూశాను. బ్యాలెన్స్ చూడలేదు.
10:50. మంచం మీద. అలారం పెడదామని. 11:45.

ఆ చివరి లైన్‌లో ఏం చూశానో రాయలేదు, ఎందుకంటే నాకే గుర్తులేదు. టైమ్ మాత్రం రాసుకున్నాను.

మూడు రోజుల తర్వాత ఆ కాగితం ముందేసుకుని ఒక్కో దాని పక్కన గుర్తు పెట్టండి. ఇది పని, ఇది నా మనుషుల కోసం, ఇది ఊరికే. మొదటి రెండింటి జోలికి పోవద్దు. అమెరికాలో ఉన్న కొడుకుతో అరగంట వీడియో కాల్ మాట్లాడటాన్ని కూడా స్క్రీన్ టైమ్ అని తగ్గించుకున్న ఒకావిడ నాకు తెలుసు. అలా చేయకండి, అది తగ్గించాల్సింది కాదు. మనం పట్టుకోవాల్సింది మూడోది, అందులోనూ ఏదో పని మీద తీసి ఊరికేలోకి జారిపోయినవి. నా లెక్కలో సగానికి పైగా అవే ఉన్నాయి.

ఇది మన బలహీనతేనా?

కాదు, కొంచెం ఆగి ఇది చదవండి. ఎంత కిందకి జరిపినా అయిపోని పేజీని 2006లో ఆజా రాస్కిన్ అనే డిజైనర్ తయారుచేశారు. తర్వాత ఆయనే దాని గురించి బహిరంగంగా పశ్చాత్తాపపడ్డారు. పాత పద్ధతిలో పేజీ అయిపోయేది, అప్పుడు మనకి "ఇక చాలు" అనుకునే అవకాశం ఉండేది. ఆ అవకాశం ఇప్పుడు లేదు. దీనికి తోడు బి.ఎఫ్. స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పావురాల మీద ఎప్పుడో చూపించిన సంగతి ఒకటుంది. మీట పొడిచిన ప్రతిసారీ గింజ పడితే పావురం ఆకలి మేరకు పొడిచి ఊరుకుంటుంది. ఎప్పుడు పడుతుందో తెలియకపోతే మాత్రం ఆపకుండా పొడుస్తూనే ఉంటుంది. పది వీడియోల్లో ఏదో ఒకటి బాగుంటుంది, అది ఎన్నోదో తెలియదు కాబట్టే మన వేలు ఆగదు.

మన దేశంలో ఇది ఇళ్లలోకి వచ్చిన తీరు కూడా గుర్తుచేసుకోండి. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చాక డేటా దాదాపు ఉచితమైంది. 2020 జూన్ చివర్లో టిక్‌టాక్ నిషేధించారు. జూలైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబర్‌లో యూట్యూబ్ షార్ట్స్ ఇక్కడికి వచ్చాయి. అదంతా లాక్‌డౌన్ల కాలం, అందరం ఇళ్లలోనే ఉన్నాం. అలవాటు ముదరడానికి అంతకంటే ఇంకేం కావాలి?

అందుకే "రేపటి నుంచి చూడను" అనే ఒట్లు పెట్టుకోవద్దు. ఒట్టు మీద ఆధారపడితే మూడో రోజుకే ఓడిపోతాం. ఫోన్ ఉండే చోటు మార్చాలి, దాని తీరు మార్చాలి.

రెండో అడుగు: ఫోన్‌కి ఒక చోటు చూపించండి

ఈ వ్యాసంలో ఒక్కటే చేయగలను అంటే ఇదే చేయండి: ఛార్జర్‌ని పడకగదిలోంచి తీసేయండి. హాల్లో టీవీ పక్కనో, ఫ్రిజ్ మీదో పెట్టండి. రాత్రి పడుకునేటప్పుడు ఫోన్ అక్కడే ఉండాలి.

"మరి అలారం?" టైంపీసు కొనుక్కోండి. నేను మా వీధి చివర వాచీల షాపులో కొన్నాను. మొదటి రెండు రాత్రులు దాని టిక్కు టిక్కుకి నిద్ర చెడింది, తర్వాత అలవాటైంది. చేతికి వాచీ కూడా పెట్టుకోండి. టైమ్ చూద్దామని ఫోన్ తీసి రీల్స్‌లోకి పోవడం నా నోట్‌బుక్‌లో అన్నిటికంటే ఎక్కువసార్లు కనిపించింది. ఎప్పుడో పెళ్లికి పెట్టిన వాచీకి బ్యాటరీ వేయించాను, ఆ సందు మూసుకుపోయింది.

"రాత్రి పూట ఊరి నుంచి అర్జెంటు ఫోన్ వస్తే?" ఇది నిజమైన భయం, ముఖ్యంగా పెద్దవాళ్లు ఊళ్లో ఉన్నవాళ్లకి. డు నాట్ డిస్టర్బ్ పెట్టి, అందులో మీకు ముఖ్యమైన నలుగురైదుగురి కాల్స్‌కి మాత్రం అనుమతి ఇవ్వండి. ఒకే నంబర్ నుంచి వెంటవెంటనే రెండోసారి కాల్ వస్తే మోగించే ఏర్పాటు కూడా అందులోనే ఉంటుంది. రింగ్ సౌండ్ పూర్తిగా పెంచి హాల్లో పెడితే వినబడుతుంది. పూర్వం ల్యాండ్‌లైన్ ఉన్నప్పుడూ అది హాల్లోనే ఉండేది కదా.

పగలు కూడా అంతే. ఇంట్లోకి రాగానే చెప్పులు ఒకచోట విడుస్తాం, తాళాలు ఒక మేకుకి తగిలిస్తాం. ఫోన్‌కి కూడా అలా ఒక చోటు ఉండాలి. మా ఇంట్లో అది తలుపు పక్కన ఉన్న వెదురు బుట్ట. కావలసినప్పుడు లేచి వెళ్లి నిలబడే వాడుకుంటాం. కూర్చోవడానికి వీల్లేకపోవడంతోనే సగం వాడకం తగ్గింది.

మూడో అడుగు: ఫోన్ నోరు నొక్కండి

ఒక ఆదివారం గంటసేపు కూర్చుని ఇది పూర్తిచేయండి. ఒక్కసారి చేస్తే చాలు.

ముందు నోటిఫికేషన్లు. మనిషి పంపినవి ఉంచండి, యంత్రం పంపినవి తీసేయండి. ఫోన్ కాల్స్, ఎస్ఎంఎస్, వాట్సాప్‌లో విడివిడి మనుషుల మెసేజ్‌లు ఉండనివ్వండి. షాపింగ్, ఫుడ్ డెలివరీ, గేమ్స్, వార్తలు, "మీ ఫ్రెండ్ ఫొటో పెట్టారు" లాంటివన్నీ ఆపేయండి. ఓటీపీలు ఎస్ఎంఎస్‌లో వస్తాయి కాబట్టి వాటికేమీ కాదు.

వాట్సాప్‌లో గ్రూపులన్నిటినీ ఎప్పటికీ మోగకుండా మ్యూట్ చేసి, ఆర్కైవ్‌లో పడేయండి. బయటికి రావాల్సిన పని లేదు, పెదనాన్నగారు నొచ్చుకుంటారు. గ్రూప్ గ్రూప్‌లోనే ఉంటుంది, రోజుకి రెండుసార్లు మీరే వెళ్లి చూస్తారు. స్కూల్ గ్రూప్ ఒక్కటి మాత్రం పైన ఉంచుకున్నాను. ఫొటోలు, వీడియోలు వాటంతటవే డౌన్‌లోడ్ కాకుండా కూడా ఆపండి. పొద్దున్నే నలభై గుడ్ మార్నింగ్ బొమ్మలు గ్యాలరీలో పడకుండా ఉంటాయి.

యూట్యూబ్ గురించి చాలామందికి తెలియని ఉపాయం ఒకటి ఉంది. సెట్టింగ్స్‌లో వాచ్ హిస్టరీని చెరిపేసి, ఆపేయండి. ఆ తర్వాత యాప్ తెరిస్తే మొదటి పేజీలో వీడియోలేవీ కనబడవు. వెతుక్కుంటే వస్తాయి, మీరు సబ్‌స్క్రైబ్ చేసుకున్నవి వాటి చోట ఉంటాయి. మీ బదులు అది ఎంచి పెట్టడం మాత్రం ఆగిపోతుంది. ఖాళీ తెర చూసి మొదటిసారి నాకు చాలా వింతగా అనిపించింది. ఏం చూద్దామని తెరిచానో నన్ను నేనే అడుగుకోవాల్సి వచ్చింది. అలా అడుగుకుని జవాబు దొరక్క యాప్ మూసేసిన రోజులే ఎక్కువ. ఒక వీడియో అవగానే ఇంకోటి మొదలయ్యే ఆటోప్లే కూడా ఆపండి.

ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్‌లకి డిజిటల్ వెల్‌బీయింగ్‌లో టైమర్ పెట్టొచ్చు. నాకు అది పెద్దగా పనిచేయలేదు, టైమ్ అయిపోయిందంటే ఇంకో పావుగంట పెంచుకునేదాన్ని. చివరికి ఇన్‌స్టాగ్రామ్ యాప్ తీసేశాను. ఖాతా ఉంది, కావాలంటే శనివారం కంప్యూటర్‌లో చూస్తాను. మీకు టైమర్ సరిపోతే సంతోషం.

ఫోన్ తెరని నలుపు తెలుపులోకి మార్చడం కూడా ప్రయత్నించండి. ఆండ్రాయిడ్‌లో యాక్సెసిబిలిటీలో కలర్ కరెక్షన్ కింద గ్రేస్కేల్, ఐఫోన్‌లో కలర్ ఫిల్టర్స్ కింద ఉంటుంది. రంగు పోయాక బిర్యానీ వీడియో కూడా ఉత్త బూడిద రంగులో కనబడుతుంది, రెండో వీడియోకి వేలు పోదు.

నాలుగో అడుగు: చేతికి ఇంకేదైనా ఇవ్వండి

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. ఫోన్ బుట్టలో పెట్టారు, నోటిఫికేషన్లు తీసేశారు. తర్వాత సాయంత్రం ఆరున్నరకి సోఫాలో కూర్చుంటే చెయ్యి ఊరుకోదు. కాళ్లూ చేతులూ ఆడవు. ఏదో మర్చిపోయినట్టు, ఎక్కడో ఏదో జరిగిపోతున్నట్టు టెన్షన్. నాకు ఇది దాదాపు పది రోజులు ఉంది. ఇది వస్తుందని ముందే తెలిసి ఉంటే తట్టుకోవచ్చు, అందుకే చెబుతున్నాను.

మన పెద్దవాళ్లని గమనిస్తే ఒక సంగతి తెలుస్తుంది. వాళ్లు ఖాళీగా కూర్చున్నట్టే ఉంటారు, కానీ చేతులు ఖాళీగా ఉండవు. మల్లెపూలు దండ కడుతుంటారు, వత్తులు చేస్తుంటారు, చింతపండు గింజలు తీస్తుంటారు, కందికాయలు ఒలుస్తుంటారు. కళ్లు, చెవులు, నోరు మాత్రం పక్కనున్న మనుషుల కోసం ఖాళీగా ఉంటాయి. ఫోన్ అయితే చేతితో పాటు ఈ మూడింటినీ పట్టేస్తుంది.

కాబట్టి చేతిని పనిలో పెట్టి, మిగతావి వదిలేసే పని ఒకటి వెతుక్కోండి. నేను పూలు కట్టడం మళ్లీ నేర్చుకున్నాను. అరటినార దొరక్కపోతే దారంతోనే. రెండు మొగ్గలు ఇటు, రెండు అటు ఎదురెదురుగా పెట్టి, దారాన్ని ఒక చుట్టు తిప్పి, వేలి మీద మెలి వేసి లోపల్నుంచి లాగాలి. గట్టిగా లాగితే కాడ తెగుతుంది, వదులైతే పూలు జారిపోతాయి. మూర కట్టేసరికి అరగంట పట్టింది మొదటి రోజు. ఆ అరగంటలో మా అమ్మాయి వచ్చి పక్కన కూర్చుని, స్కూల్లో తన పక్క బెంచీ అమ్మాయితో వచ్చిన గొడవంతా చెప్పింది. నేను ఏమీ అడగలేదు, ఊరికే పూలు కట్టుకుంటున్నాను.

మీకు పూలు నచ్చకపోతే బట్టలు మడతపెట్టండి, కుండీల్లో మట్టి గుల్ల చేయండి, సైకిల్ తుడవండి, పిల్లలతో అష్టాచెమ్మా ఆడండి. దగ్గరలో గ్రంథాలయం ఉంటే సభ్యత్వం తీసుకోండి. వేటపాలెంలోని సారస్వత నికేతనం 1918 నుంచి, హైదరాబాద్‌లోని శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం 1901 నుంచి ఉన్నాయి. అలాంటి చోట ఒక గంట కూర్చుంటే చుట్టూ అందరూ చదువుకుంటూనే ఉంటారు కాబట్టి మన చెయ్యి కూడా జేబులోకి పోదు. చదవడం మొదట్లో కష్టంగా ఉంటుంది. నాలుగు పేజీలకే మనసు పక్కకి పోతుంది. పోనివ్వండి, నాలుగు పేజీలు చదివి పెట్టేయండి, మర్నాడు ఐదో పేజీ చదవండి.

దీనితో పాటు రోజులో ఒక పనిని కావాలనే నెమ్మదిగా చేయండి. ఒక్కటి చాలు. నేను పొద్దుటి కాఫీని ఎంచుకున్నాను. ఫిల్టర్‌లో పొడి వేసి, మరిగిన నీళ్లు పోసి, డికాక్షన్ దిగేదాకా అక్కడే నిలబడతాను. చుక్క చుక్కగా పడుతుంటే ఆ చప్పుడు వినబడుతుంది. కింద వీధిలో చీపురు చప్పుడు, పాలబ్బాయి సైకిల్. ఇవన్నీ ఇన్నేళ్లూ ఉన్నవే.

ఐదో అడుగు: ఇంట్లో ఒక గంట

ఒక్కరే మారితే ఎక్కువ రోజులు నిలవదు. పక్కన అందరూ ఫోన్లు చూస్తుంటే మనం ఒక్కరం గోడ చూస్తూ కూర్చోలేం. మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లాలో మోహిత్యాంచే వడగావ్ అనే ఊరు ఉంది. 2022 నుంచి అక్కడ రోజూ సాయంత్రం ఏడింటికి గుడి మీది సైరన్ మోగుతుంది. ఊరంతా టీవీలు, ఫోన్లు ఆపేస్తారు. గంటన్నర తర్వాత మళ్లీ మోగేదాకా పిల్లలు చదువుకుంటారు, పెద్దవాళ్లు మాట్లాడుకుంటారు. ఊరు ఊరంతా చేయగలిగినప్పుడు నలుగురున్న ఇల్లు ఎందుకు చేయలేదు?

మేం ఎనిమిది నుంచి తొమ్మిది ఎంచుకున్నాం, భోజనం ఆ గంటలోనే. టీవీ కూడా ఆపాలి, లేకపోతే పిల్లలు "మీకు సీరియల్, మాకు ఫోన్ వద్దా?" అంటారు. వాళ్లు అడిగేది న్యాయమే. నియమం పెద్దవాళ్లకి ముందు వర్తించాలి. మా వారు మొదటి వారం ఆఫీస్ కాల్స్ అని రెండుసార్లు లేచి వెళ్లారు. నేను గొడవపడలేదు. అమ్మాయే "నాన్నా, బుట్ట" అంది. ఆ తర్వాత వెళ్లలేదు.

చిన్న పిల్లలున్న ఇళ్లకి ఒక మాట. రెండేళ్లలోపు పిల్లలకి తెర అసలు వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకి రోజుకి గంట మించకూడదని, తక్కువైతే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఫోన్ చూపిస్తేనే అన్నం తింటాడు అనే మాట నేనూ అన్నదాన్నే. ఫోన్ తీసేశాక మా చిన్నవాడు నాలుగైదు రోజులు సరిగ్గా తినలేదు, తర్వాత బాల్కనీలోంచి కాకుల్ని చూస్తూ తిన్నాడు. ఆ నాలుగైదు రోజులు ఇంట్లో అందరూ ఒక మాట మీద ఉండాలి, అదే కష్టం.

తెర ముందే ఉద్యోగం అయితే

పని గంటల్ని తగ్గించలేం. కళ్లకి మాత్రం విశ్రాంతి ఇవ్వొచ్చు: ప్రతి 20 నిమిషాలకి 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూడండి. తెర చూసేటప్పుడు రెప్పలు వేయడం తగ్గిపోతుంది, కళ్లు మండేది అందుకే. టీ బ్రేక్‌లో ఫోన్ డెస్క్ మీదే వదిలి వెళ్లండి. ఆఫీస్ గ్రూప్‌లో "రాత్రి ఎనిమిది తర్వాత అర్జెంటైతే కాల్ చేయండి" అని ఒకసారి రాసి పెట్టండి. నేను రాశాను. ఇప్పటిదాకా రెండు కాల్సే వచ్చాయి.

జారిపోయినప్పుడు

జారిపోతారు. ఒంట్లో బాగోలేనప్పుడు, మనసు బాగోలేనప్పుడు, ఎన్నికల ఫలితాల రోజున, క్రికెట్ ఉన్నప్పుడు. మా చిన్నాన్న ఆస్పత్రిలో ఉన్న వారంలో నా లెక్క మళ్లీ మొదటికి వచ్చింది. మర్నాడు ఛార్జర్ హాల్లోకి వెళ్లిందా లేదా అని మాత్రమే చూసుకోండి. ఆదివారం సాయంత్రం నోట్‌బుక్ తీసి ఆ వారం ఎన్నిసార్లు ఫోన్ తెరిచారో అంకె రాయండి. ఆ వారంలో ఎవరి మాట పూర్తిగా విన్నారో ఒక లైన్ రాయండి. రెండోదే నాకు ఎక్కువ ఉపయోగపడింది.

ఎంత ప్రయత్నించినా ఆగలేకపోతుంటే, నిద్ర, చదువు, ఉద్యోగం దెబ్బతింటుంటే, ఫోన్ లాక్కుంటే పిల్లలు చేయిచేసుకునేదాకా వస్తుంటే, దాన్ని అలవాటు అని వదిలేయకండి. బెంగళూరులోని నిమ్‌హాన్స్ అనే మానసిక ఆరోగ్య ఆస్పత్రిలో ఇందుకోసమే 2014 నుంచి షట్ క్లినిక్ నడుస్తోంది. అంత దూరం వెళ్లలేకపోతే టెలి మానస్ నంబర్ 14416కి కాల్ చేయండి. ప్రభుత్వ సేవ, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.

దసరాకి మళ్లీ ఊరెళ్లాను. ఫోన్ గదిలో సంచిలో ఉంది. అమ్మ గోంగూర ఆకు తుంచుతోంది, నేనూ ఒక కట్ట తీసుకుని ఎదురుగా కూర్చున్నాను. "అమ్మా, అమ్మమ్మ వాళ్ల బావి సంగతి చెప్పవా" అని అడిగాను. అమ్మ నా చేతుల వంక ఒకసారి చూసి మొదలుపెట్టింది. ఆ బావి ఎవరు తవ్వించారు, ఏ ఎండాకాలం ఎండిపోయింది, అమ్మ తన పెళ్లి నాటి పొద్దున ఎన్ని బిందెలు తోడింది, అన్నీ చెప్పింది. ఆకు అయిపోయింది, ఇద్దరం కాడలు పట్టుకుని అలాగే కూర్చున్నాం. పూడ్చేముందు గిలక ఊడదీసి మావయ్య అటక మీద పెట్టాడట. "నీకు కావాలంటే తెచ్చుకోవే" అంది.